క్యాలెండర్ వెనక లెక్క

పిల్లల గుండె ఆపరేషన్‌కు ప్రభుత్వ కార్డు డబ్బు కడుతోంది. ఆపరేషన్ బల్ల దాకా వచ్చే దారికి, ఇంటికెళ్లి కోలుకునే రోజులకు ఎవరు కడుతున్నారు? కరోనా వెళ్లిపోయింది. అది మింగేసిన రెండేళ్ల ఆరోగ్య పరీక్షల బాకీ మాత్రం పిల్లల ఒంట్లో మిగిలింది.

మార్కాపురం దగ్గరి పల్లెలో, మా చెల్లి ఇంట్లో 2023 నాటి గోడ క్యాలెండర్ ఇంకా మేకుకే వేలాడుతోంది. దాని మీద కొత్త సంవత్సరాలవి తగిలించారు గానీ కింది దాన్ని తీయనివ్వదు. నవంబరు కాగితం వెనక పెన్సిలుతో లెక్క రాసుకుంది. బస్సు, ఆటో, గుండె స్కానింగు, గది అద్దె పదకొండు రోజులకు, ఇద్దరికి టిఫిను, జెరాక్సులు, మళ్లీ బస్సు. మధ్యలో ఒక వరసలో ‘ఆపరేషన్ – 0’ అని ఉంది. ఆ సున్నా చుట్టూ రెండుసార్లు గీత గీసింది. కింద మళ్లీ మందులు, బస్సు, మందులు.

“ఆ సున్నా చూస్తే దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుందన్నా” అంటుంది.

“మరి పైనా కిందా ఉన్నవి?” అన్నాను.

“అవి మనవే గదా.”

మా బావ ఆటో నడుపుతాడు. ఆ ‘మనవే’ అన్నవాటికి మొత్తం 41 వేలయింది. అందులో 26 వేలు కార్డు పని మొదలుపెట్టక ముందే అయిపోయాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు.

పాప 2018 జనవరిలో పుట్టింది. పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమటలు పట్టేవి. నాలుగు గుక్కలు తాగి, ఆగి, రొప్పి, మళ్లీ తాగేది. నెలకోసారి జలుబు, జలుబు దిగితే దగ్గు, దగ్గు ముదిరితే నిమ్ము. ఊళ్లో ఆర్ఎంపీ సిరప్ ఇచ్చేవారు, నాలుగు రోజులకు తగ్గేది. పిల్ల ఒళ్లు చేయడం లేదని అత్తగారు ఆదివారం ఆదివారం దిష్టి తీసేది. పుట్టుకే సన్నం అని అందరం సరిపెట్టుకున్నాం. నేనూ సరిపెట్టుకున్నాను.

రెండేళ్లు నిండి అంగన్‌వాడీకి అలవాటు చేద్దామనుకునే వేళకు 2020 మార్చి వచ్చింది. బడి, అంగన్‌వాడీ తలుపులు మూతపడ్డాయి. గుడ్లు, పాలు, బాలామృతం ఇంటికే వచ్చాయి. తూకం మిషను మాత్రం ఇంటికి రాలేదు. పిల్లను నిలబెట్టి బరువెంత, ఎత్తెంత, పోయిన నెల కంటే పెరిగిందా తగ్గిందా అని చూసే ఆ ఒక్క చూపు రెండేళ్ల పాటు ఆగిపోయింది. బళ్లు పూర్తిగా గాడిన పడ్డాక కూడా మా ఊరికి వైద్య బృందం రావడానికి చాలాకాలం పట్టింది.

2023 జూన్‌లో పాపను ఒకటో తరగతిలో వేశారు. ఆగస్టులో బడికి డాక్టర్లు వచ్చారు. వరసలో నిలబెట్టి పళ్లు, కళ్లు, చెవులు చూస్తూ వచ్చిన డాక్టరమ్మ మా పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, తీయకుండా చాలాసేపు అలాగే ఉండిపోయిందట. చోటు మార్చి పెట్టింది. తోటి డాక్టరును కూడా వినమంది. తర్వాత చీటీ రాసి, “మీ అమ్మను తీసుకురామ్మా” అంది. గుండె కింది గదుల మధ్య గోడలో చిల్లు ఉందని ఎకోలో తేలింది. ఐదున్నరేళ్లుగా ఆ చిల్లు శబ్దం చేస్తూనే ఉంది. చెవి పెట్టి విన్నవాళ్లు లేరు.

పెద్ద డాక్టరు ఫిల్మ్ చూసి, “మూడేళ్ల కిందటే తెచ్చుంటే బాగుండేదమ్మా” అన్నారు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోతుంది. అది ఒక హద్దు దాటితే చిల్లు పూడ్చడం కూడా ప్రమాదమే అవుతుంది. కార్డులో ఎన్ని లక్షలున్నా అప్పుడు చేయగలిగింది తక్కువ. మా పాప ఆ హద్దుకు ఇవతలే ఉంది. అదృష్టం అని చెల్లి అంటుంది. పిల్లల ఆరోగ్యం విషయంలో ఆ మాట వినాల్సి రావడమే నాకు కష్టంగా ఉంటుంది.

టీకాకు జాబితా ఉంది, చిల్లుకు లేదు

గుండె లోపంతో పుట్టే పిల్లలు వెయ్యికి ఎనిమిది, తొమ్మిది మంది. దేశం మొత్తం మీద ఏటా రెండు లక్షలకు పైనే ఉంటారని అంచనా. వాళ్లను వెతికి పట్టుకోవడానికే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు, చిన్ననాటి జబ్బులు, పోషకాల కొరత, ఎదుగుదలలో వెనకబాటు కలిపి 30 రకాల సమస్యల కోసం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను చూడాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్లాలి. మన దగ్గర అంతకు ముందే, 2010 నవంబరు 14న, జవహర్ బాల ఆరోగ్య రక్ష పేరుతో బడి పిల్లల పరీక్షలు మొదలయ్యాయి. అంటే ఆలోచన కొత్తదేం కాదు.

కరోనా ఈ గొలుసులో ఒక్క కొక్కేన్ని ఊడబీకింది. పిల్లలు బడిలో లేరు. బడికెళ్లాల్సిన వైద్య సిబ్బంది కొవిడ్ కేంద్రాల్లో, నమూనాలు తీసే చోట, తర్వాత టీకా వరసల దగ్గర ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్లు పడ్డ కష్టం అందరం చూశాం, వాళ్లను అనేదేం లేదు. నా బాధంతా ఆ తర్వాత ఏం చేశామన్నదాని గురించే.

టీకాల సంగతే చూడండి. 2021లో మన దేశంలో ఒక్క డోసు కూడా పడని పసిపిల్లలు 27 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ లెక్కగట్టాయి. మరుసటి ఏడాదికే అది 11 లక్షలకు దిగింది. ఎలా సాధ్యమైంది? టీకాకు జాబితా ఉంది. ఏ ఇంట్లో ఏ బిడ్డకు ఏ డోసు తప్పిందో ఏఎన్ఎం పుస్తకంలో ఉంటుంది. ఆశా కార్యకర్త పేరు పెట్టి పిలిచి తలుపు తడుతుంది. తప్పిపోయినవాళ్లను తిరిగి తెచ్చుకునే దారి ముందే వేసి ఉంది కాబట్టి తెచ్చుకున్నాం. తప్పిపోయిన గుండె పరీక్షకు, చెవి పరీక్షకు, కంటి పరీక్షకు అలాంటి పుస్తకం లేదు. ఆ రెండేళ్లలో రెండు, మూడు, నాలుగేళ్ల వయసులో ఉన్న పిల్లలు ఇప్పుడు ప్రాథమిక బడుల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరిని ఎప్పుడూ ఎవరూ చూడలేదో పేరు పేరునా ఎవరు చెప్పగలరు?

కంటి విషయంలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు తొలుత బడి పిల్లలనే చూసింది, అరవై లక్షల మందికి పైగా. నాలుగైదు నెలలు తిరిగేసరికి బళ్లే మూతపడ్డాయి. అప్పుడు అద్దాలు పెట్టుకున్న పిల్లలకు మరుసటి ఏడాది నంబరు మారి ఉంటుంది. మళ్లీ చూసేవాళ్లు రాని చోట పాత అద్దాలే మిగిలాయి. వాళ్లు పాఠాలన్నీ చేతిలోని ఫోన్‌లో చూసిన రోజులవి.

మూడు జిల్లాల నుంచి

ఆరోగ్యశ్రీ కార్డును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలవడానికి ముందు, పేదింటి బిడ్డకు గుండె జబ్బంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కడమే. ఎమ్మెల్యే సంతకం, తహసీల్దారు సంతకం, మళ్లీ ఎదురుచూపు. ఆ అర్జీని హక్కుగా మార్చింది ఈ పథకం. మొదట్లో ఇంటికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. తొలుత బీమా కంపెనీ ద్వారా నడిచింది, 2008 నుంచి ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతీ వచ్చింది. నోరులేని మనిషికి తోడుగా ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కూర్చోబెట్టారు.

నాకు అన్నిటికంటే నచ్చేది వేరే ఉంది. ఆ ప్యాకేజీలో రోగికి భోజనం, ఇంటికెళ్లాక పది రోజుల మందులు, తిరుగు ప్రయాణ ఖర్చు కలిపి రాశారు. తర్వాత 125 రకాల చికిత్సలకు ఏడాదిపాటు ఉచితంగా మందులు, పరీక్షలు చేర్చారు. పేదవాడికి జబ్బు ఆసుపత్రి గేటు దగ్గర మొదలై గేటు దగ్గర ముగియదని ఆ రాసినవాళ్లకు తెలుసు. పథకం పెరగాల్సింది ఈ దిక్కుగా.

పెరిగింది ఎక్కువగా ఇంకో దిక్కుకు. 2023 డిసెంబరు 9న తెలంగాణ పరిమితిని 10 లక్షలు చేసింది. తొమ్మిది రోజులకే ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. ఎముక మజ్జ మార్పిడి లాంటివి కావాల్సిన పిల్లలకు ఆ పెద్ద అంకె ప్రాణం పోస్తుంది, కాదనను. మా పాపలాంటి వాళ్లకు మాత్రం పాత పరిమితి కూడా సగం పైన మిగులుతుంది. వాళ్ల ఇళ్లు అప్పులపాలయ్యేది పరిమితి దాటినందుకు కాదు, కార్డు లెక్కలోకే రాని చిన్న చిన్న ఖర్చులతో.

కొవిడ్ కాలంలో జరిగిన మంచీ చెప్పుకోవాలి. 2020లోనే ఆంధ్రప్రదేశ్ కొవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. తెలంగాణ 2021లో ఆయుష్మాన్ భారత్‌లోనూ చేరింది. కొవిడ్‌తో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు కేంద్రం ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఇచ్చింది. 2021 అక్టోబరు 11న తిరుపతిలో టీటీడీ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది. గుండె చిల్లంటే చెన్నై, బెంగళూరు వైపు చూసే రాయలసీమ, నెల్లూరు జనానికి అదెంత ఆసరానో అక్కడి బయటి అరుగుల మీద కూర్చున్నవాళ్లను అడిగితే తెలుస్తుంది.

వేలిముద్ర పడలేదు

మా పాప విషయంలో ఆసుపత్రి పేరు రాయను. వైద్యం బాగా చేశారు. కష్టమంతా కౌంటర్ దగ్గర. ఐదేళ్ల లోపు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలుండవు. ఐదు నిండాక మళ్లీ వేయించాలి. మావాళ్లకు ఆ సంగతే తెలియదు. రేషన్ కార్డులో పాప పేరుంది గానీ ఈకేవైసీ పెండింగ్. “పాప పేరు తీసుకోవడం లేదమ్మా, ఊరెళ్లి సచివాలయంలో చేయించుకుని రండి” అన్నారు. రెండు బస్సులు మారి ఊరికి. అక్కడ ఆధార్ కేంద్రంలో సర్వర్ డౌన్. మర్నాడు పిల్ల చేతులు చెమట పట్టి ముద్ర పడలేదు. గుండె జబ్బు పిల్లకు చేతులు చెమట పట్టడం వింత కాదు. నాలుగోసారికి పడింది. అప్రూవల్ వచ్చేసరికి తొమ్మిది రోజులు. క్యాలెండర్ వెనక గది అద్దె పదకొండు రోజులు ఎందుకైందో అప్పుడర్థమైంది.

కాగితాలు పిల్లలను బయటకు నెట్టడం మన దగ్గరే జరిగేది కాదు. అమెరికాలో పేదలకు మెడికెయిడ్, దాని పక్కనే పిల్లల కోసం 1997లో తెచ్చిన చిప్ అనే బీమా ఉన్నాయి. కొవిడ్ మొదలవగానే, 2020 మార్చిలో, మెడికెయిడ్‌లో ఉన్న ఎవరినీ తీసేయకూడదని అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. 2023 మార్చి ఆఖరుతో ఆ రక్షణ పోయింది. తర్వాత ఏడాదిన్నరలో రెండున్నర కోట్ల మందిని తీసేశారు. అందులో మూడింట రెండొంతుల మందికి పైగా పోయింది అర్హత లేదని తేలి కాదు, ఫారం అందకో, గడువులోగా తిరిగి పంపకో. ఎందరో పిల్లలు అలా జారిపోయారు. అది చూశాక అయినా ఒక మంచి పని జరిగింది. 2024 జనవరి 1 నుంచి, పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలను ఒకసారి చేర్చుకుంటే ఇంట్లో ఆదాయం పెరిగినా తగ్గినా పన్నెండు నెలల పాటు తీసేయడానికి వీల్లేదన్న నియమం అన్ని రాష్ట్రాల్లోనూ అమల్లోకి వచ్చింది.

ఆ మాట మనకూ పనికొస్తుంది. బిడ్డ పుట్టగానే జనన ధ్రువపత్రం ఇస్తున్నాం. ఆ నంబరే ఐదేళ్ల దాకా వైద్యం కార్డు ఎందుకు కాకూడదు? కార్డులో పేరు ఎక్కించలేదని, వేలిముద్ర పడలేదని పిల్ల వైద్యం ఒక్కరోజు కూడా ఆగకూడదు. తేడాలుంటే తర్వాత పెద్దవాళ్లతో తేల్చుకోవచ్చు.

ఐసీయూలో పడితేనే రోగి

కొన్ని జబ్బులకు అసలు ఆపరేషనే ఉండదు. టైప్ 1 మధుమేహం వచ్చిన పిల్లను తీసుకోండి. క్లోమం ఇన్సులిన్ తయారు చేయడం మానేస్తుంది. రోజుకు మూడు నాలుగు ఇంజెక్షన్లు, వేలు గుచ్చి మూడు నాలుగు పరీక్షలు, బతికినన్నాళ్లూ. ఇన్సులిన్ చెడిపోకుండా చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో కొత్త కుండలో నీళ్లు పోసి, సీసాను కవర్లో కట్టి పెట్టుకుంటారు. పరీక్ష స్ట్రిప్పులు కొనలేక రోజుకు నాలుగు చూడాల్సింది వారానికి రెండు చూస్తారు. చక్కెర అదుపు తప్పి, రక్తంలో ఆమ్లం పెరిగి, పిల్ల స్పృహ తప్పితే ఐసీయూలో చేరుస్తారు. అప్పుడు కార్డు నిద్రలేస్తుంది. స్ట్రిప్పుల డబ్బీకి లేని డబ్బు వెంటిలేటర్‌కు దొరుకుతుంది. కొవిడ్ ఏళ్లలో భయపడి ఆసుపత్రికి రాక, జబ్బు ఉందనే తెలియక, ఈ స్థితిలోనే మొదటిసారి వచ్చిన పిల్లలు చాలా దేశాల్లో పెరిగారని వైద్య పత్రికలు రాశాయి. మనం మాత్రం తప్పించుకున్నామని అనుకోలేను.

పుట్టు చెవుడు ఇంకో కథ. లోపలి చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంటును ఆరోగ్యశ్రీ ఏనాడో చేర్చింది, దేశంలోనే ముందుగా చేర్చినవాటిలో ఇదొకటి. మాట నేర్చే మెదడు మొదటి మూడేళ్లలో చురుగ్గా ఉంటుంది కాబట్టి పిల్లలు బాగా చిన్నగా ఉన్నప్పుడే పెట్టాలి. 2019లోనో 2020లోనో చెవుడుతో పుట్టిన బిడ్డను ఊహించుకోండి. పరీక్షలు లేవు, చుట్టూ ఉన్నవాళ్ల పెదాలు మాస్కుల వెనక ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదంటే, ‘వాళ్ల నాన్నా ఆలస్యంగానే మాట్లాడాడు’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. తెలిసి వచ్చేసరికి వయసు దాటింది. దాటకముందే పెట్టించుకున్నవాళ్లకూ పెట్టగానే మాటలు రావు. నెలల తరబడి థెరపీ చేయించాలి. థెరపీ కేంద్రాలు పట్నాల్లో ఉన్నాయి. బిడ్డతో తల్లి గది తీసుకుని ఉంటుంది, ఊళ్లో పొలం పని పోతుంది, ఇంకో బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. మిషను బ్యాటరీ, వైరు చెడితే మళ్లీ ఖర్చు. చెవిలో లక్షల విలువైన పరికరం ఉంచుకుని నిశ్శబ్దంలోకి తిరిగిపోయే పిల్లలు ఇక్కడే తయారవుతారు.

బకాయిల సంగతి చెప్పకుండా కార్డు గురించి రాయలేం. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులు తమకు రావాల్సిన డబ్బు రాలేదంటూ సేవలు ఆపాయి. ప్రభుత్వాల మాట, ఆసుపత్రుల మాట రెండూ విన్నాను. ఎవరిది ఎంత న్యాయమైనా సరే, నెలల బిడ్డ గుండెకు ‘వచ్చే సోమవారం’ అనేది లేదు. పిల్లల చికిత్సల డబ్బును వేరే ఖాతాలో పెట్టి, ఏ బకాయితోనూ ముడిపెట్టకుండా ముందుగా చెల్లించాలి. ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. అదే సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం, రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు చెల్లించే కొత్త పద్ధతికి ఒప్పుకుంది. పిల్లల కేసుల్లో ఎక్కువ భాగం ఆ కింది భాగంలోనే పడతాయని నా అంచనా. క్లెయిము వచ్చాక చెల్లించడం బీమా కంపెనీ పని. బడిలో స్టెతస్కోపు పెట్టడం, చీటీ రాసిన పిల్ల ఆసుపత్రికి చేరిందో లేదో కనుక్కోవడం దాని పని కాదు. ఆ బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే రాసి ఉండాలి.

కూలి పోయిన రోజులకు డబ్బు ఇవ్వడం మనకు తెలియని పనేం కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య ఆసరా మొదలుపెట్టి, ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా ఇచ్చింది. పిల్లల విషయంలో మంచం పక్కన కూర్చునేది తల్లి. కూలి పోయేది ఆమెది. ఆ 225 ఆమె పేరు మీద పడాలి.

పోయిన నెల చెల్లి ఇంటికి వెళ్లాను. పాప ఇప్పుడు పక్కింటి పిల్లలతో సమానంగా పరిగెడుతోంది. గౌను మెడ దగ్గర నుంచి ఛాతీ కిందిదాకా గాటు సన్నగా తెల్లబడింది. అది కనపడకుండా మెడదాకా బొత్తాలున్న గౌన్లే కుట్టిస్తోంది చెల్లి. ఏటా ఒకసారి ఎకో తీయించాలి, ఫైలు పోగొట్టుకోవద్దు అని డాక్టరు చెప్పారు. ఫైలు బియ్యం డబ్బా మీద ప్లాస్టిక్ కవర్లో ఉంది.

ఈ ఏటి క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసి ఉంది. కాగితం తిప్పి చూశాను. వెనక ఇప్పటికే మొదలుపెట్టింది.

ఎకో. బస్సు ఇద్దరికి. ఆటో.

పాపకు తొమ్మిదో ఏడు వస్తే ఫుల్ టికెట్టు కొనాలా అని అడిగింది నన్ను.